"స్కాన్‌లో ఏమీ లేదంట"

మా పెదనాన్నకు పక్షవాతం వచ్చిన రోజు, ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్న క్షణం ఒకటుంది. పొద్దున ఆరున్నరకు పాల క్యాను ఎత్తబోతే కుడిచేతికి పట్టు చిక్కలేదు. మాట ముద్దముద్దగా వచ్చింది. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన బీపీ చూసి మాత్ర ఇచ్చాక, కారు మాట్లాడుకుని పట్నంలో ఒక ఆసుపత్రికి చేరారు. తొమ్మిదింటికి తలకు సీటీ స్కాన్ తీశారు. లోపలి నుంచి వచ్చిన మా అన్నయ్య, "స్కాన్‌లో ఏమీ లేదంట, నార్మలేనంట" అన్నాడు. పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని దేవుడికి దణ్ణం పెట్టింది. సెలైన్ ఎక్కించారు, ఆస్పిరిన్ ఇచ్చారు, రేపు మళ్లీ స్కాన్ తీద్దామన్నారు. మర్నాటి స్కాన్‌లో మెదడు ఎడమవైపు పెద్ద నల్లటి మచ్చ తేలింది.

మొదటి స్కాన్ అబద్ధం చెప్పలేదు. రక్తనాళం చిట్లలేదని, మెదడు ఇంకా పూర్తిగా చచ్చిపోలేదని, మందు వేయడానికి ఇదే అదనని అది చెప్పింది. మేము "జబ్బేమీ లేదు" అని విన్నాం. గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతానికి మెదడు చిత్రాలు దారి చూపడం మొదలై యాభై ఏళ్లు దాటింది. ఈ యాభై ఏళ్లలో యంత్రాలు ఎంతో మారాయి. కానీ చిత్రం చూసి ఏం అడగాలి, ఎంతసేపు అడగాలి అన్న రెండు విషయాల మీద వైద్యులు పడిన తర్జనభర్జనే ఈ చరిత్రలో ముఖ్యం. అది ఇప్పటికీ తెగలేదు.

సీటీ రాకముందు మంచం మీద ఉన్న మనిషి మెదడులో గడ్డ అడ్డుపడిందో, రక్తం చిమ్మిందో ఖాయంగా చెప్పే దారి లేదు. రెండింటికీ చేయి పడిపోతుంది, మూతి వంకరపోతుంది, మాట పడిపోతుంది. చికిత్సలు మాత్రం ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం. 1971 అక్టోబరు 1న లండన్ శివార్లలోని వింబుల్డన్‌లో, అట్కిన్సన్ మోర్లే ఆసుపత్రిలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రం తొలిసారి ఒక రోగి తలను పొరలుపొరలుగా చూపించింది. 1979లో ఆయనకూ, అలన్ కార్మాక్‌కూ నోబెల్ వచ్చింది. తాజాగా చిమ్మిన రక్తం సీటీలో తెల్లగా, వెంటనే కనిపిస్తుంది. ఆ తెలుపు లేకపోవడమే గడ్డ కరిగించే మందుకు అనుమతిపత్రం.

ఆ అనుమతి ఎంత ముఖ్యమో 1995 డిసెంబరులో వెలువడిన అమెరికా ఎన్‌ఐఎన్‌డీఎస్ పరీక్ష ఫలితాలు చూస్తే తెలుస్తుంది. 624 మందితో చేసిన ఆ అధ్యయనంలో, లక్షణాలు మొదలైన 3 గంటల్లోపు ఆల్టిప్లేస్ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు మూడు నెలలకు దాదాపు వైకల్యం లేకుండా కోలుకునే అవకాశం కనీసం 30 శాతం ఎక్కువ. అయితే మెదడులో రక్తస్రావమై పరిస్థితి విషమించినవాళ్లు మందు తీసుకున్న వర్గంలో 6.4 శాతం, తీసుకోనివాళ్లలో 0.6 శాతం. స్కాన్ తీసి రక్తస్రావం లేదని తేల్చుకున్నాక కూడా ముప్పు ఇంత ఉంటే, స్కాన్ లేకుండా ఈ మందును ఊహించలేం. 2008లో యూరప్‌లో జరిగిన ఎకాస్-3 పరీక్ష ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. పెదనాన్నకు స్కాన్ తీసేటప్పటికి గడిచింది రెండున్నర గంటలే.

చాలా ఏళ్లకు ఆ పాత సీడీని రేడియాలజిస్టుగా పనిచేస్తున్న ఒక స్నేహితురాలికి చూపించాను. ల్యాప్‌టాప్‌లో తెరిచి, బూడిదరంగు ఛాయల్లో చిన్న తేడా కూడా తెలిసేలా బొమ్మను సర్దింది. కుడివైపు మెదడులో చెవికి లోపలి పక్కన, పైపొర ఒక సన్నని రిబ్బనులా మెలికలు తిరిగి ఉంది. ఎడమవైపు అదే చోట ఆ రిబ్బను అంచు చెరిగిపోయింది, తడి వేలితో పలక మీద గీతను రుద్దినట్టు. దాని దిగువన, మధ్య మెదడు ధమని ఉండాల్సిన చోట, దారపు పోగంత తెల్లటి గీత. అదే గడ్డ. మర్నాటి నల్లమచ్చ ఎక్కడ రాబోతోందో ఆ పొద్దుటి బొమ్మలోనే గీసి ఉంది. "ఇది కళ్లు పెట్టుకుని వెతికితేగానీ కనపడదు. రాత్రంతా డ్యూటీ చేసినవాళ్లకు దాటిపోవడం వింత కాదు," అంది.

ఇలా దాటిపోకూడదనే కెనడాలోని కాల్గరీ వైద్యులు 2000లో ఆస్పెక్ట్స్ అనే లెక్క తెచ్చారు. మధ్య మెదడు ధమని తడిపే ప్రాంతాన్ని పది భాగాలు చేసి, మసకబారిన ప్రతి భాగానికీ ఒక మార్కు తీసేస్తారు. పదికి పది వస్తే మెదడు దాదాపు చెక్కుచెదరలేదు. ఐదో ఆరో వస్తే నష్టం ఎక్కువే జరిగింది. ఇందుకు కొత్త యంత్రం అక్కర్లేదు, ఉన్న సీటీనే కొంచెం క్రమంగా చూడాలి. నా దృష్టిలో ఈ రంగంలో వచ్చిన అతి చవకైన, అతి విలువైన పనిముట్టు ఇదే.

ఇక అసలు ప్రశ్న. గడ్డ పడ్డాక మెదడు ఎంతసేపు బతికి ఉంటుంది? దీనికి పునాది వేసింది 1970లలో లండన్‌లో లిండ్సే సైమన్, యెన్స్ ఆస్ట్రప్ బృందం చేసిన ప్రయోగాలు. ఆరోగ్యమైన మెదడులో 100 గ్రాముల కణజాలానికి నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం పారుతుంది. అది 20 కిందికి పడితే కణాలు పని ఆపేస్తాయి, కానీ చావవు. 10 దగ్గరికి పడితే కణం గోడ ఉప్పునీటిని ఆపలేక చచ్చిపోతుంది. ఈ రెండింటి మధ్య ఊగిసలాడే ప్రాంతానికి వాళ్లు పెనంబ్రా అని పేరు పెట్టారు. గ్రహణం నాడు చిక్కటి నీడ చుట్టూ పడే పలుచని నీడ పేరది.

డెల్టాలో పుట్టినవాళ్లకు దీన్ని ఇంకోలా చెప్పొచ్చు. తూము దగ్గర చెత్త అడ్డుపడి కాలువ ఆగిందనుకోండి. శివారు చేలన్నీ ఒకే రోజు ఎండిపోవు. తూముకు నేరుగా ఆధారపడ్డ మడి ముందు పోతుంది. పక్క బోదె నుంచి కాస్తో కూస్తో ఊట దిగే చేలలో పైరు వాడి, తలవాల్చి నిలబడుతుంది. దూరం నుంచి చూస్తే రెండూ పోయినట్టే కనిపిస్తాయి. తూము తెరిస్తే వాడిన పైరు లేస్తుంది, ఎండిన పైరు లేవదు. పక్షవాతం రోగి చేయి పడిపోయి ఉంటే, చేతిని ఆడించే మెదడు ఎండిందో, వాడిందో చేతిని చూసి చెప్పలేం. బొమ్మ తీస్తే చెప్పొచ్చు. పెద్ద ధమని మూసుకుపోతే సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ లెక్కగట్టాడు. కానీ అది సగటు. పక్క బోదెలు బాగా ఉన్నవాళ్లకు ఇరవై గంటలైనా పైరు నిలబడుతుంది, లేనివాళ్లకు గంటన్నరలో అంతా అయిపోతుంది.

చచ్చిన భాగాన్ని తొలి నిమిషాల్లోనే చూపే పద్ధతి ఎమ్మారై నుంచి వచ్చింది. చావబోతున్న కణాలు ఉబ్బడంతో వాటి చుట్టూ నీటి అణువులు కదలడానికి చోటు తగ్గుతుంది. ఆ కదలికను కొలిచే డిఫ్యూజన్ చిత్రంలో ఆ భాగం తెల్లగా వెలుగుతుంది. 1990లో మైఖేల్ మోస్లే బృందం పిల్లుల మెదళ్లలో దీన్ని నిరూపించింది. దానికి తోడు ఇంజెక్షన్‌తో రంగుమందు పంపి, అది ఏ భాగానికి ఎంత ఆలస్యంగా చేరిందో కొలిచే పెర్ఫ్యూజన్ చిత్రం వచ్చింది. ఆలస్యంగా రక్తం అందుతున్న ప్రాంతంలోంచి చచ్చిన ప్రాంతాన్ని తీసేస్తే మిగిలేది కాపాడుకోగల మెదడు. ఈ తీసివేతకే మిస్‌మ్యాచ్ అని పేరు. తర్వాత సీటీలోనూ పెర్ఫ్యూజన్ చేయడం మొదలైంది. స్టాన్‌ఫర్డ్‌లో గ్రెగ్ ఆల్బర్స్, రోలాండ్ బామర్ రాయించిన ర్యాపిడ్ అనే సాఫ్ట్‌వేర్ ఈ లెక్కను నిమిషాల్లో రంగులేసి చూపిస్తుంది.

చిత్రం ఇంత చెబుతుంటే చికిత్స వెంటనే మారిపోవాలి కదా? మారలేదు. 2013లో ఒకే నెలలో మూడు పెద్ద పరీక్షలు వెలువడ్డాయి. గజ్జలోంచి సన్నటి గొట్టం పంపి గడ్డను లాగేసే చికిత్స, మామూలు చికిత్స కన్నా మెరుగు కాదని మూడూ తేల్చాయి. చాలామంది ఆ పద్ధతి పని అయిపోయిందనుకున్నారు. వాటిలో పెద్దదైన ఐఎంఎస్-3లో చాలామందికి పెద్ద ధమని మూసుకుందో లేదో ముందుగా చూసుకోనే లేదు. అడ్డు లేని తూములో చెత్త కోసం వెతికినట్టయింది. మరొకటైన ఎంఆర్ రెస్క్యూలో చిత్రం ఆధారంగా రోగులను విడదీశారు, కానీ వాడిన పరికరాలు పాతవి, గడ్డ తీయడం ఆలస్యమైంది, అనుకున్నంతగా తెరుచుకోలేదు.

2015లో అంతా తిరగబడింది. నెదర్లాండ్స్‌లో 500 మందితో జరిగిన ఎంఆర్ క్లీన్, కెనడా నాయకత్వంలో ఎస్కేప్, ఆస్ట్రేలియాలో ఎక్స్‌టెండ్-ఐఏ, వాటి వెంటే మరో రెండు, ఒకే దిక్కున తీర్పిచ్చాయి. ఎంఆర్ క్లీన్‌లో తమ పనులు తాము చేసుకోగలిగిన స్థితికి చేరినవాళ్లు గడ్డ తీసిన వర్గంలో 32.6 శాతం, తీయని వర్గంలో 19.1 శాతం. ఐదింటినీ కలిపి 1,287 మంది లెక్క చూస్తే, 2.6 మందికి చికిత్స చేస్తే ఒకరికి వైకల్యం కనీసం ఒక మెట్టు తగ్గింది. వైద్యంలో ఇంత బలమైన ఫలితం అరుదు. మంచి పరికరం రావడం ఒక కారణం. ముందుగా రంగుమందు పంపి సీటీ యాంజియో తీసి పెద్ద ధమని మూసుకుందని కళ్లారా చూసుకోవడం రెండోది. ఎస్కేప్ వాళ్లు ఇంకో అడుగు వేసి, రంగుమందు పారే తీరును మూడు దశల్లో తీసి పక్క బోదెలు ఎలా ఉన్నాయో చూశారు. పెర్ఫ్యూజన్ తప్పనిసరి చేయకుండానే వాళ్లు ఇంత సాధించారని నేను ఎప్పుడూ గుర్తు చేస్తుంటాను.

ఆ తర్వాత చిత్రం గడియారాన్నే పక్కకు నెట్టింది. 2018లో వచ్చిన డాన్ పరీక్షలో, చివరిసారిగా బాగున్నట్టు చూసి 6 నుంచి 24 గంటలైన 206 మందిని తీసుకున్నారు. రోగి లక్షణాలు తీవ్రంగా ఉండి, చిత్రంలో చచ్చిన భాగం చిన్నగా ఉన్నవాళ్లు మాత్రమే. గడ్డ తీస్తే 49 శాతం మంది స్వతంత్రంగా బతికే స్థితికి వచ్చారు, తీయకపోతే 13 శాతం. అదే ఏడు వచ్చిన డిఫ్యూజ్-3లో 16 గంటల వరకు 45 శాతం, 17 శాతం. ఆలస్యంగా వచ్చారని అంతకుముందు వెనక్కి పంపినవాళ్లు వీళ్లు.

నాకు ఇంతకన్నా అబ్బురంగా తోచేది అదే 2018 నాటి వేకప్ పరీక్ష. రాత్రి బాగానే పడుకుని, తెల్లారి లేచేసరికి చేయి పడిపోయినవాళ్లకు గడ్డ ఎప్పుడు పడిందో ఎవరికీ తెలియదు, కాబట్టి ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లు కాదు. ఎమ్మారైలో డిఫ్యూజన్ చిత్రం నిమిషాల్లో తెల్లబడుతుంది. ఫ్లెయిర్ అనే మరో చిత్రం తెల్లబడటానికి కొన్ని గంటలు పడుతుంది. మొదటిదాంట్లో మచ్చ ఉండి రెండోదాంట్లో లేదంటే, జబ్బు బహుశా నాలుగున్నర గంటల లోపలిదే. కణజాలమే గంట చెప్పింది. అలా ఎంచిన 503 మందిలో ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లు 53.3 శాతం, ఇవ్వనివాళ్లు 41.8 శాతం బాగా కోలుకున్నారు.

ఈ విజయాల వెంట ఒక అతి విశ్వాసం కూడా వచ్చింది. రంగుల పటంలో ఎర్రగా చూపిన భాగాన్ని చచ్చిందని రాసేయడం మొదలైంది. సీటీ పెర్ఫ్యూజన్ కొలిచేది ఆ నిమిషంలో పారుతున్న రక్తాన్ని. కణం చచ్చిందో లేదో అది చూడదు, ఊహిస్తుంది. గడ్డ పడ్డ తొలి గంటలో ఈ పటం తీస్తే, ప్రవాహం బాగా పడిపోయినా ఇంకా చావని భాగాన్ని కూడా చచ్చినట్టు చూపిస్తుంది. గడ్డ తీశాక చూస్తే ఆ భాగం బాగానే ఉంటుంది. వైద్యులు దీన్ని దెయ్యపు మచ్చ అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. రోగి తల కదిపినా, గుండె బలహీనంగా కొట్టుకుంటున్నా, మెడలో ధమని ఏళ్లుగా సన్నబడి ఉన్నా పటం తారుమారవుతుంది.

2022 నుంచి వచ్చిన పరీక్షలు ఆ విశ్వాసాన్ని గట్టిగానే కదిలించాయి. చచ్చిన భాగం పెద్దదిగా ఉంటే గడ్డ తీసి లాభం లేదని అంతవరకు గట్టిగా నమ్మేవారు. జపాన్‌లో రెస్క్యూ-జపాన్ లిమిట్ పరీక్షలో ఆస్పెక్ట్స్ 3 నుంచి 5 మార్కులున్న 203 మందిని తీసుకున్నారు. ఎవరి సాయం లేకుండా నడవగలిగే స్థాయికి చేరినవాళ్లు గడ్డ తీస్తే 31 శాతం, తీయకపోతే 12.7 శాతం. 2023లో సెలెక్ట్-2, చైనాలో ఏంజెల్-ఆస్పెక్ట్, యూరప్‌లో టెన్షన్ అదే దారిన నడిచాయి. టెన్షన్‌లో ఎక్కువమందిని మామూలు సీటీతోనే ఎంచుకున్నారు. సెలెక్ట్-2లో స్వతంత్రంగా బతకగలిగినవాళ్లు 20.3 శాతం, 7 శాతం. శాతాలు చిన్నవే కావచ్చు. కానీ వీళ్లంతా, కొన్నేళ్ల ముందైతే, బొమ్మ చూసి "ఇక చేసేదేం లేదు" అని మనం పంపేసినవాళ్లు.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ: గడియారం మూసేసిన తలుపును తెరవడానికి చిత్రం అద్భుతంగా పనికొచ్చింది. తెరిచి ఉన్న తలుపును మూయడానికి వాడినప్పుడల్లా చాలావరకు పొరబడింది. తొలి ఆరు గంటల్లో పెద్ద ధమని మూసుకుందని యాంజియోలో కనిపిస్తే, ఇంకా రంగుల పటం కోసం పది నిమిషాలు ఆగడాన్ని నేను సమర్థించలేను. ఆలస్యంగా వచ్చినవాళ్లలో, ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అని తేల్చుకోలేనప్పుడు, నిద్రలో జబ్బు చేసినవాళ్లలో ఆ పది నిమిషాలు విలువైనవి. ఇలా అన్నంత మాత్రాన అడ్డు కనిపించిన ప్రతి నాళంలోకీ గొట్టం పంపమని కాదు. 2025లో వెలువడిన డిస్టల్, ఎస్కేప్-మెవో పరీక్షల్లో, చిన్న, మధ్యస్థ నాళాల గడ్డలను తీయడం వల్ల మొత్తమ్మీద అదనపు మేలు కనిపించలేదు.

మన దగ్గర ఈ ప్రశ్నకు మరో రెండు ముడులున్నాయి. పడమటి దేశాల్లో గడ్డ ఎక్కువగా గుండె నుంచో, మెడ ధమని నుంచో కొట్టుకొస్తుంది. ఆసియా జనాల్లో పుర్రె లోపలి ధమనులే ఇరుకై, అక్కడే మూసుకోవడం ఎక్కువ. హైదరాబాద్ నిమ్స్ వైద్యుల పరిశీలనల్లోనూ ఇదే తేలింది. ఇలాంటి ఇరుకు ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో రంగుమందు ఎప్పుడూ ఆలస్యంగానే చేరుతుంది, కాబట్టి పెర్ఫ్యూజన్ పటం ఆపద ఉన్నదానికన్నా పెద్దదిగా చూపవచ్చు. గడ్డ లాగినా అదే చోట మళ్లీ మూసుకోవచ్చు, ఒక్కోసారి బెలూనో స్టెంటో అవసరమవుతుంది. వేరే జనాభా మీద కట్టిన కొలతలను కళ్లు మూసుకుని ఇక్కడ వాడకూడదనడానికి ఇదొక్కటి చాలు.

రెండో ముడి దూరం. గడ్డ తీసే క్యాథ్‌ల్యాబ్, ఆ పని తెలిసిన వైద్యుడు ఉన్న ఊళ్లు కొన్నే. సీటీ యంత్రం మాత్రం ఇవాళ జిల్లా కేంద్రాల్లో, చాలా పెద్ద పట్నాల్లో ఉంది. ఇక్కడ 2024లో చైనా నుంచి వచ్చిన ట్రేస్-3 పరీక్ష మనకు బాగా పనికొస్తుంది. గడ్డ తీసే సదుపాయం అందని 516 మందికి, నాలుగున్నర నుంచి 24 గంటల మధ్య, పెర్ఫ్యూజన్ చిత్రం చూసి గడ్డ కరిగించే టెనెక్టిప్లేస్ ఇచ్చారు. దాదాపు వైకల్యం లేకుండా కోలుకున్నవాళ్లు 33 శాతం, మామూలు చికిత్సలో 24.2 శాతం. ఎక్కువమందికి వెంటనే గడ్డ తీసే వీలున్న టైమ్‌లెస్ పరీక్షలో ఇదే మందు ఆలస్యంగా ఇస్తే అదనపు మేలు కనిపించలేదు. అంటే చిత్రం విలువ ఆ ఊళ్లో ఇంకేం దొరుకుతుందన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. టెనెక్టిప్లేస్ మన దేశంలోనే తయారవుతోంది. గంటసేపు ఎక్కించే పని లేదు, ఒక్క సిరంజితో కొన్ని సెకన్లలో ఇచ్చేయొచ్చు, ఆ తర్వాత అంబులెన్స్ ఎక్కించొచ్చు.

జిల్లా ఆసుపత్రిలో చేయగలిగిందీ, చేయనిదీ ఒకటుంది. మామూలు సీటీ అయ్యాక రోగిని అదే బల్ల మీద ఉంచి, చేతి నరంలోకి రంగుమందు పంపి, మెడ నుంచి నడినెత్తి దాకా యాంజియో తీయడానికి పట్టేది ఐదు నిమిషాలు. దీన్ని ఆపుతున్నది చాలాచోట్ల, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు. మూత్రపిండాల జబ్బు ఉన్నట్టు ముందుగా తెలియని రోగికి ఆ రిపోర్టు కోసం ఆగనక్కర్లేదని అమెరికా హార్ట్ అసోసియేషన్ మార్గదర్శకాలు ఎప్పుడో చెప్పాయి. అయినా రక్తం తీసి ల్యాబుకు పంపి గంట కూర్చోబెట్టడం ఇంకా జరుగుతోంది. గంట అంటే, సేవర్ లెక్కన, 11 కోట్లకు పైగా కణాలు.

జర్మనీలో హోంబుర్గ్ వైద్యులు 2008 నుంచే సీటీ యంత్రాన్ని అంబులెన్స్‌లో పెట్టి రోగి ఇంటిముందుకు తీసుకెళ్లారు. బెర్లిన్‌లో, అమెరికాలో 2021లో వెలువడిన అధ్యయనాలు దానివల్ల వైకల్యం తగ్గిందని తేల్చాయి. మన దేశంలో అస్సాంలో ఐసీఎంఆర్ అలాంటి బండిని నడిపింది. 2005లో హైదరాబాద్‌లో 108 మొదలుపెట్టి దేశానికి దారి చూపిన మనం ఈ ఆలోచనను పక్కన పెట్టకూడదు. అయితే ప్రతి మండలానికీ అలాంటి బండి వచ్చేదాకా ఆగే పనీ లేదు. సీటీ చూసి రక్తస్రావాన్ని, మూసుకున్న ధమనిని గుర్తుపట్టి వైద్యుడి ఫోనుకు హెచ్చరిక పంపే ప్రోగ్రాములు వచ్చాయి. వాటిలో ముంబైలో తయారైనదీ ఉంది. నిర్ణయం వాటికి అప్పగించక్కర్లేదు. రాత్రి రెండింటికి జిల్లా కేంద్రంలో రేడియాలజిస్టు లేనప్పుడు, తెల్లటి గీత దగ్గర వేలు పెట్టి "ఇక్కడ చూడండి" అనే తోడుగా అవి చాలు.

ఇప్పటికీ మన ఆసుపత్రుల మధ్య చిత్రం ప్రయాణించే తీరు ఇలా ఉంది. చుట్టం ఒకడు పెద్ద కవరులో ఫిల్ములు మడవకుండా పట్టుకుని అంబులెన్స్‌లో ముందు సీట్లో కూర్చుంటాడు. పెద్దాసుపత్రికి చేరాక, ఫిల్ము మీద చిన్న గళ్లలో అచ్చయిన బొమ్మలో సన్నటి తేడాలు కనపడవు కాబట్టి, రోగిని మళ్లీ స్కాన్ గదికి తోస్తారు. మొదటి ఆసుపత్రి కంప్యూటర్‌లో ఉన్న అసలు చిత్రాలు నెట్టులో వెళ్లి ఉంటే, నూరు కిలోమీటర్ల దారిలో అంబులెన్స్ ఉండగానే అక్కడి వైద్యుడు ఆస్పెక్ట్స్ లెక్కపెట్టి, ధమని ఎక్కడ మూసుకుందో చూసి, క్యాథ్‌ల్యాబ్ మనుషులను నిద్రలేపి ఉండేవాడు. రోగిని గేటు నుంచి నేరుగా ఆ బల్ల మీదికే చేర్చేవారు. ఇప్పుడు మాత్రం కవరు పట్టుకున్న ఆ చుట్టాన్ని అక్కడి నర్సు ముందుగా అడిగేది, "సీడీ ఇచ్చారా బాబూ?" అని. చాలాసార్లు ఇచ్చి ఉండరు.